రష్యన్ సేజ్ పక్కన ఏం నాటాలి? ముందు దాహం చూడండి, రంగు సంగతి తర్వాత

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ వైపు ఉండేవాళ్ళకి పేరు తెలియకపోయినా మొక్క మాత్రం తెలిసే ఉంటుంది. జులై వచ్చిందంటే కిరాణా షాపుల పార్కింగుల్లో, ఫుట్‌పాత్‌ల వెంట, గ్యాస్ స్టేషన్ల దగ్గర కూడా నడుమెత్తున ఊదారంగు పొగ నిలబడినట్టు కనిపిస్తుంది చూడండి, అదే రష్యన్ సేజ్. పువ్వు రంగు మన డిసెంబరం పూలకి బాగా దగ్గర, కాడలు విభూతి పూసినట్టు తెల్లగా ఉంటాయి, ఆకు సన్నగా చీలికలుగా ఉండి నలిపితే ఘాటు వాసన వస్తుంది. మా అమ్మ మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు ఒక రెమ్మ తుంచి ముక్కు దగ్గర పెట్టుకుని "ఇదేంటే, దవనంలాగుంది, ఇక్కడ కూడా పెరుగుద్దా" అంది. దవనం కాదమ్మా అన్నాను గానీ ఆ పోలిక నిజమే. పూలదండలో దవనం ఏం చేస్తుందో పెరట్లో ఈ మొక్క అదే చేస్తుంది, అంటే తను మధ్యలో ఉండి పక్క పూల రంగుని పైకి లేపుతుంది. దవనం ఒక్కదాన్నే కట్టి ఎవరూ దండ అనరు కదా, అలాగే రష్యన్ సేజ్‌ని ఒంటరిగా నాటితే సగం అందమే.

జోడీ ఎందుకు కావాలంటే, ఈ మొక్కకి మూడు లోపాలున్నాయి. ఒకటి, చాలా లేటుగా నిద్ర లేస్తుంది, ఏప్రిల్‌లో మిగతా తోటంతా పచ్చబడుతుంటే ఇది ఎండు పుల్లల కట్టలాగే ఉంటుంది. రెండు, దీనికి గట్టి ఆకారం లేదు, అంతా మబ్బులాగా ఉంటుంది, కాబట్టి చూపు ఆగడానికి పక్కన ఒక గుండ్రటి పువ్వో నిటారు గడ్డో ఉండాలి. మూడోది, నీడ ఎక్కువైనా నీళ్ళు ఎక్కువైనా ఎరువు ఎక్కువైనా నడుం విరిగినట్టు పక్కకి వాలిపోతుంది. పక్కన ఏం నాటాలో ఎంచుకోవడం అంటే ఈ మూడిటికీ జవాబు వెతకడమే.

పేరులో రష్యన్ ఉంది గానీ మొక్క పుట్టిల్లు రష్యా కాదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, ఇరాన్ వైపు ఎండు కొండలు, అక్కడి నుంచి చైనా పడమటి భాగం దాకా ఉంటుంది. 1841 ప్రాంతంలో కరేలిన్ అనే రష్యన్ పరిశోధకుడు, ఒరెన్‌బర్గ్‌లో గవర్నర్‌గా చేసిన పెరోవ్‌స్కీ పేరు మీద దీని జాతికి పెరోవ్‌స్కియా అని పేరు పెట్టాడు, ఆ రష్యన్ అట్లా అంటుకుంది. 2017లో శాస్త్రవేత్తలు దీన్ని సాల్వియా అనే జాతిలో కలిపేసి సాల్వియా యాంగీ అన్నారు, అందుకే ఒక నర్సరీ ట్యాగ్ మీద పాత పేరు, ఇంకో దాని మీద కొత్త పేరు కనిపిస్తుంది, రెండూ ఒకటే, కంగారు పడకండి. అమెరికాలో పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ వాళ్ళు 1995కి దీన్నే ఆ ఏటి మొక్కగా ఎంచుకున్నారు. ఈ కథంతా ఎందుకు చెప్తున్నానంటే పుట్టిల్లు తెలిస్తే పక్కింటి వాళ్ళని ఎంచడం సులువు: రాతి నేల, మండే ఎండ, చలికాలం గట్టి చలి, వేసవిలో నీటి చుక్క అరుదు.

అందుకే నేను రంగు గురించి మాట్లాడే ముందు దాహం గురించి మాట్లాడతాను. డెన్వర్‌లో మంచుతో కలిపి ఏడాదికి పడేది 14, 15 అంగుళాలు, హైదరాబాద్‌లో పడే వానలో సగం కూడా కాదు. నీళ్ళు పొదుపుగా వాడే తోటకి జెరిస్కేప్ అన్న మాట పుట్టిందే ఇక్కడ, 1981లో ఇక్కడి నీటి సరఫరా సంస్థ డెన్వర్ వాటర్ వాళ్ళు పెట్టిన పేరు అది. ఇలాంటి చోట ఒకే మడిలో దాహం ఎక్కువున్న మొక్క, దాహం లేని మొక్క కలిపి నాటితే రెండిట్లో ఒకటి పోవాల్సిందే. నేను ఈ తప్పు చేశాను. గార్డెన్ ఫ్లాక్స్ గులాబీ రంగు పూలు చూసి ముచ్చటపడి రష్యన్ సేజ్ పక్కనే నాలుగు నాటాను, ఫోటోలో అద్భుతంగా ఉంటుంది ఆ జోడీ. కానీ ఫ్లాక్స్‌కి వారానికి రెండు మూడు సార్లు నీళ్ళు కావాలి, ఇవ్వకపోతే మధ్యాహ్నానికి తల వేలాడేస్తుంది, దాన్ని చూడలేక నేను నీళ్ళు పెడుతూ పోయాను. ఆగస్టుకల్లా సేజ్ ఐదడుగులు పెరిగి మధ్యలో చీలి నాలుగు వైపులా పడిపోయింది, కింద ఫ్లాక్స్ నలిగిపోయి ఆకు మీద బూడిద తెగులు. తర్వాతి వసంతంలో ఫ్లాక్స్‌ని తీసి తూర్పు వైపు మడిలోకి మార్చాకే రెండూ బాగుపడ్డాయి.

కాబట్టి నర్సరీలో ట్యాగ్ చూసేటప్పుడు మొదట మూడు సంగతులు చూడండి, ఫుల్ సన్ అని ఉందా, అంటే రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ, నీటి అవసరం తక్కువ అని ఉందా, మీ జోన్ చలికి (జోన్ అంటే చలికాలంలో మీ ఊరు ఎంత చల్లబడుతుందో చెప్పే లెక్క) తట్టుకుంటుందా. ఈ మూడూ కుదిరాకే పువ్వు వైపు చూడండి.

ఇక రంగు. ఊదాకి పసుపు, ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, వంకాయ రంగు చీరకి పసుపు అంచు ఎంత బాగుంటుందో పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం. పసుపుల్లో నా మొదటి ఓటు యారో, అందులో మూన్‌షైన్ అనే రకం. నిమ్మపండు పసుపు పూలు పళ్ళెం లాగా చదునుగా పరుచుకుని ఉంటాయి, ఆకు కూడా వెండి రంగే కాబట్టి సేజ్ కాడలతో కలిసిపోతుంది, ఎత్తు అడుగున్నర రెండడుగులు దాటదు. జూన్‌లో మొదలవుతుంది, వాడిన పూలు కత్తిరిస్తే సేజ్ పూసే టైంకి మళ్ళీ కొన్ని వస్తాయి. మూన్‌బీమ్ అనే కోరియాప్సిస్ ఇంకా మెత్తటి పసుపు, సన్నని ఆకు, ముందు వరసకి బాగుంటుంది.

అందరూ చెప్పే జోడీ బ్లాక్ ఐడ్ సూసన్, ముఖ్యంగా గోల్డ్‌స్టర్మ్ రకం. హైదరాబాద్ నర్సరీలో ఈ పేరు చెప్తే తీగ మొక్క ఇవ్వచ్చు, అది వేరు, ఇది రెండడుగుల పొద. రంగు జోడీ కాదనలేం, కానీ ఒక మాట చెప్పాలి, దీనికి సేజ్ కంటే నీళ్ళు ఎక్కువ కావాలి. వానలు బాగా పడే చోట ఈ తేడా తెలియదు, ఇక్కడ లాంటి ఎండు చోట జులై చివర ఆకులు ముడుచుకుపోయి తెలుస్తుంది. నాటాలనిపిస్తే మడిలో పల్లం వైపు, నీళ్ళు జారి చేరే చోట పెట్టండి, సేజ్‌ని మెరక మీద పెట్టండి. రెండింటికీ మధ్య ఒక నాలుగు అంగుళాల ఎత్తు తేడా ఉన్నా చాలా ఫరక్ పడుతుంది.

పసుపు కంటే నాకు ఇంకా ఇష్టం నారింజ. అగస్టాకీ రుపెస్ట్రిస్ అని ఒకటి ఉంది, సన్‌సెట్ హిస్సప్ అంటారు, అరిజోనా న్యూ మెక్సికో కొండల మొక్క, కనకాంబరం రంగు పూలు సన్నగా గొట్టాల్లాగా వస్తాయి, హమ్మింగ్‌బర్డ్‌లు వదలవు. సేజ్ పూసే అదే నెలల్లో పూస్తుంది, అదే ఎండ, అదే దాహం. సాయంత్రం ఏడింటికి పడమటి ఎండ పడుతుంటే కనకాంబరమూ డిసెంబరమూ కలిపి కట్టిన దండ గుర్తొస్తుంది నాకు, ఈ ఒక్క జోడీ కోసమే ఆ మడి పెట్టానని చెప్పినా తప్పులేదు. గైలార్డియా కూడా ఇక్కడి నేల మొక్కే, మధ్యలో ఎరుపు, చుట్టూ పసుపు అంచు, పట్టించుకోకపోయినా పూస్తుంది, కాకపోతే రెండు మూడేళ్ళకి అలసిపోయి చచ్చిపోతుంది, విత్తనం పడి పిల్లలు వస్తాయి కాబట్టి నష్టం లేదు.

ఆకారం సంగతికి వస్తే, మబ్బు పక్కన గట్టి గుండ్రం కావాలి. కోన్‌ఫ్లవర్ దానికి సరిగ్గా సరిపోతుంది, మధ్యలో ముళ్ళ బంతి, చుట్టూ కిందికి వాలిన గులాబీ రేకులు, ఆకులు రాలాక కూడా ఆ నల్లటి బంతులు మంచులో నిలబడి ఉంటాయి, గోల్డ్‌ఫించ్ పిట్టలు వచ్చి గింజలు తింటాయి. సీడమ్‌లో ఆటం జాయ్ ఇంకో మంచి తోడు, ఆకులు దళసరిగా నీళ్ళు దాచుకుని ఉంటాయి, జులైలో బ్రోకలీ లాగా ఆకుపచ్చ గుత్తులు, సెప్టెంబర్‌కి గులాబీ, అక్టోబర్‌కి ఇటుక రంగు. దీన్ని సేజ్ ముందు పెడితే సేజ్ కింద బోసిగా కనిపించే కాళ్ళు కూడా మూసుకుపోతాయి.

గడ్డి జాతుల్ని మనవాళ్ళు తోటలో నాటడానికి ఒప్పుకోరు, గడ్డి డబ్బులిచ్చి కొనడమేంటని మా ఆయన కూడా అడిగాడు. ఒక్కసారి నాటి చూడండి. కార్ల్ ఫోర్‌స్టర్ అనేది నిటారుగా ఐదడుగుల దాకా లేస్తుంది, గాలికి సేజ్ ఒక వైపు ఊగుతుంటే ఇది ఇంకో లయలో ఊగుతుంది, సేజ్‌కి వెనక గోడలాగా ఆసరా కూడా. దీనికి కొంచెం నీళ్ళు ఎక్కువ పట్టినా తట్టుకుంటుంది, తక్కువైనా బతుకుతుంది. ఇంకా ఎండు చోటైతే లిటిల్ బ్లూస్టెమ్, వేసవిలో నీలి పచ్చ, చలి మొదలవగానే రాగి రంగు. ముందు వరసకి బ్లూ గ్రామా, కొలరాడో రాష్ట్ర గడ్డి ఇదే, అందులో బ్లాండ్ ఆంబిషన్ అనే రకం కంకులు కనుబొమల్లాగా అడ్డంగా వస్తాయి.

ఇప్పుడు మొదట చెప్పిన లేటు నిద్ర సంగతి. ఏప్రిల్ మే నెలల్లో సేజ్ చోటు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీని వాడుకోవాలి. చిన్న జాతి టులిప్‌లు, అంటే పెద్ద హాలండ్ టులిప్‌లు కాకుండా టార్డా లాంటి అడవి రకాలు, వీటి పుట్టిల్లు కూడా మధ్య ఆసియా కొండలే, వేసవిలో ఎండిన నేలలో నిద్రపోవడం వాటికి ఇష్టం, కాబట్టి సేజ్ వేళ్ళ మధ్య హాయిగా ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. అక్టోబర్‌లో గడ్డలు నాటండి, నాలుగైదు అంగుళాల లోతు, గుప్పెడు గుప్పెడుగా. మే చివర్లో వాటి ఆకులు పసుపెక్కి చూడ్డానికి బాగోవు, సరిగ్గా అప్పుడే సేజ్ కొత్త ఆకు వచ్చి కప్పేస్తుంది. ఇదే లెక్క ఫాక్స్‌టెయిల్ లిల్లీకి కూడా, అది జూన్‌లో నాలుగడుగుల పసుపు కంకి వేసి, పూసేటప్పటికే కింద ఆకులు ఎండబెట్టేసుకుంటుంది, ఆ ఎండు ఆకుల్ని దాచడానికి సేజ్ కంటే మంచి పొరుగు లేదు. దాని వేళ్ళు సాలీడు కాళ్ళలాగా పరుచుకుని పెళుసుగా ఉంటాయి, విరగకుండా చూసి నాటండి, నాటాక మళ్ళీ అక్కడ పార దించకండి.

మే నెల పూలకి క్యాట్‌మింట్ ఉంది, వాకర్స్ లో అనే రకం, అదీ ఊదా నీలమే. ఒకే రంగు రెండెందుకంటే ఇది పూసి అయిపోయేసరికి సేజ్ మొదలవుతుంది, అంటే అదే రంగు మే నుంచి సెప్టెంబర్ దాకా ఆ మడిలో ఉంటుంది. మొదటి పూత అయ్యాక సగానికి కత్తిరిస్తే మళ్ళీ పూస్తుంది. రాకీ మౌంటెన్ పెన్‌స్టెమన్ కూడా ఆ టైంలోనే పూస్తుంది, చాలా చిక్కటి నీలం, ఇక్కడి కొండల మొక్క కాబట్టి చాకిరీ లేదు.

ఏ సేజ్ కొంటున్నారో అది కూడా జోడీని నిర్ణయిస్తుంది. మామూలు రకం, బ్లూ స్పైర్ లాంటివి నాలుగడుగులు పెరుగుతాయి, వాటి ముందు అడుగు మొక్క పెడితే కనపడదు. చిన్న స్థలమైతే లిటిల్ స్పైర్ తీసుకోండి, రెండు రెండున్నర అడుగుల్లో ఆగుతుంది, వాలదు. డెనిమ్ అండ్ లేస్ అని ఇంకోటి వస్తోంది, అదీ పొట్టిగా గట్టిగా ఉంటుంది. చిన్న రకాలకి కోన్‌ఫ్లవర్, యారో పక్కపక్కనే సరిపోతాయి, పెద్ద రకాలకి గడ్డి జాతులు తోడు కావాలి.

లెక్క కావాలనేవాళ్ళకి, పన్నెండడుగుల పొడవు ఆరడుగుల వెడల్పు మడి అనుకోండి, దక్షిణమో పడమరో చూస్తూ ఉన్నది. వెనక వరసలో మూడు రష్యన్ సేజ్, ఒకదానికి ఒకటి మూడడుగుల దూరం, రెండు కార్ల్ ఫోర్‌స్టర్‌లు, వాటిని చివర్లలో కాకుండా సేజ్‌ల మధ్యలో పెట్టండి. మధ్య వరసలో కోన్‌ఫ్లవర్ గానీ సన్‌సెట్ హిస్సప్ గానీ ఐదు, ఒక పక్కగా మూడు యారో. ముందు రెండు క్యాట్‌మింట్, మూడు సీడమ్. సందుల్లో ముప్ఫై నలభై టులిప్ గడ్డలు. మొదటి ఏడాది మధ్యలో అంతా ఖాళీ నేల కనిపించి ఇంకో పది మొక్కలు తెచ్చి కుక్కేద్దామనిపిస్తుంది, దయచేసి ఆగండి, మూడో ఏటికి చోటు చాలదు. ఆ ఖాళీలో మొదటి ఏడాదికి బంతి నారు వేసుకోండి, దసరాకి గుమ్మానికి దండ కూడా అవుతుంది, కాకపోతే వాటికి పెట్టే నీళ్ళు సేజ్ మొదట్లో పడకుండా చూసుకోండి.

నాటడానికి మే మధ్య తర్వాత మంచిది, మంచు భయం పోయాక, లేదా సెప్టెంబర్ మొదట్లో. ఇక్కడి బంకమట్టిలో గొయ్యి తీసి అందులో బస్తా కంపోస్ట్ నింపితే గొయ్యి నీళ్ళ తొట్టి అయిపోతుంది, వేరు కుళ్ళిపోయేది ఎక్కువగా ఇందుకే, అదీ వేసవిలో కాదు, చలికాలంలో తడి ఆగి. దాని బదులు మడి మొత్తాన్ని ఆరు అంగుళాలు మెరక చేయండి. మొదటి వేసవంతా వారానికి ఒకసారి లోతుగా నీళ్ళు, రెండో ఏడాది నుంచి బాగా ఎండలప్పుడు రెండు మూడు వారాలకి ఒకసారి చాలు. ఎరువు వద్దు, ఒట్టు, అసలు వద్దు. పైన కప్పడానికి చెక్క ముక్కల మల్చ్ కంటే సన్న గులకరాళ్ళు మంచివి, మొదలు పొడిగా ఉంటుంది.

తేనెటీగలు చాలా వస్తాయి, పొద మొత్తం హోరెత్తుతుంది, అది సంతోషమే గానీ పిల్లలు పరిగెత్తే దారికి, వరండా మెట్లకి మూడు నాలుగడుగుల దూరంలో పెట్టండి. ఆకు ఘాటు వల్ల జింకలు, కుందేళ్ళు సేజ్ జోలికి పెద్దగా రావు, కానీ పక్కన పెట్టిన టులిప్‌ని కుందేలు తినేస్తుంది, అది గుర్తుంచుకోండి.

ఇంకోటి, సేజ్ వేరు నుంచి పిలకలు వేస్తుంది, రెండు మూడడుగుల దూరంలో కూడా లేస్తాయి, ముఖ్యంగా వదులు నేలలో. కాబట్టి పక్కన మరీ చిన్న నాజూకు మొక్కలు పెట్టొద్దు. వసంతంలో పిలకల్ని పారతో వేరుతో సహా కోసేయండి, కుండీలో పెడితే పక్కింటి వాళ్ళకి ఇవ్వడానికి బాగుంటాయి.

అస్సలు పెట్టకూడనివి హోస్టా, ఆస్టిల్బీ, ఫెర్న్, హైడ్రేంజియా, ఇవన్నీ నీడ, తడి కోరేవి, ఎంత ముద్దుగా ఉన్నా ఇంటికి ఉత్తరం వైపు పెట్టుకోండి.

వేరే ఊళ్ళ సంగతి. డల్లాస్‌లో ఉండేవాళ్ళకి నల్ల జిగురు మట్టి కాబట్టి ఎత్తు మడి తప్పనిసరి, తోడుగా ఆటం సేజ్, లాంటానా, గల్ఫ్ మూలీ గడ్డి పెట్టుకోండి. న్యూజెర్సీలో వాన ఎక్కువ, అక్కడ బ్లాక్ ఐడ్ సూసన్ భయం లేకుండా నాటొచ్చు కానీ సేజ్‌కి ఏటవాలు చోటు, గాలి ఆడే చోటు ఇవ్వాలి. హైదరాబాద్, విజయవాడ వాళ్ళు అడుగుతుంటారు, అక్కడ వానాకాలం తడికి ఇది నిలవదు, చలికాలం నిద్ర కూడా దొరకదు. ఆ ఊదా కావాలంటే చలికాలంలో నర్సరీల్లో బ్లూ సాల్వియా నారు దొరుకుతుంది, దాని పక్కన బంతో చామంతో పెడితే ఫిబ్రవరి దాకా అదే జోడీ.

చివరిగా కత్తిరింపు, ఇది చాలామంది తొందరపడే చోటు. పూలు అయిపోగానే అక్టోబర్‌లో నరకొద్దు, తెల్లటి కాడలు చలికాలమంతా మంచులో చాలా బాగుంటాయి, మొదలుకి కాపు కూడా. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో కాడ కింద చిన్న బూడిద పచ్చ మొగ్గలు కనిపిస్తాయి, అప్పుడు నేల నుంచి ఆరు ఎనిమిది అంగుళాలు ఉంచి మిగతాది కత్తిరించండి, గడ్డి జాతుల్ని కూడా అదే రోజు కోసేస్తే ఒక పని అయిపోతుంది. మొగ్గలు కనపడకపోతే చచ్చిపోయిందని పీకేయకండి, గోటితో కాడ మొదట్లో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే మే మధ్య దాకా ఆగండి. నేను ఒకటి ఇలాగే చచ్చిందనుకుని పార తీసుకెళ్ళి, పక్కన టులిప్‌లు విచ్చి ఉన్నాయి కదా అవి అయ్యాక తీద్దాంలే అని ఆగాను, మూడు వారాల తర్వాత ఎండిన టులిప్ ఆకుల మధ్య నుంచి సేజ్ చిగురు లేచింది.